మంచి రేకు

శనివారం నాడు ఇనుము చెయ్యొచ్చు గానీ కొనకూడదు. భిలాయిలో స్థిరపడ్డ మనవాళ్ల ధర్మశాస్త్రం అది. ఇక్కడి ఫర్నేసులు ఏ శనివారమూ సెలవు తీసుకోలేదు. వాటి ముందు చెమటోడ్చిన తెలుగువాడెవడూ శనిదేవుడికి జడిసి డ్యూటీ ఎగ్గొట్టలేదు. అదే మనిషి ఇంటికి ఒక మేకు కావాలంటే మాత్రం శుక్రవారమే కొని పడేస్తాడు. అందుకే శంకరరావు పోయిన తొమ్మిదో రోజు, శుక్రవారం పొద్దున్నే, ఆయన భార్య గున్నమ్మ కూతురు భాగ్యరేఖని వంటింట్లోకి పిలిచి చాకు సంగతి ఎత్తింది.

ఆదివారం పదకొండో రోజు. ఆ రోజు ఇవ్వాల్సిన దానాల జాబితా పంతులు పరబ్రహ్మం గారు ముందే రాసిచ్చారు. నువ్వులు, ఉప్పు, పత్తి, ధాన్యాలు, వాటి కింద ‘లోహము - చిన్న మడతచాకు ఒకటి’ అని ఉంది. యముడి చేతిలోవన్నీ ఇనుప ఆయుధాలేనట. ఇనుము దానం చేస్తే అవి పోయినవాడి జోలికి రావట. ముప్ఫై మూడేళ్లు కరిగిన ఉక్కు మొహంలోకి చూసి బతికిన శంకరరావుకి ఇనుముతో సిఫారసు చేయించాలా అని భాగ్యరేఖకు అనిపించింది గానీ పైకి అనలేదు. ఆ ఇంట్లో ఏదైనా అనే చనువు ఆమెకు పోయి పదకొండేళ్లయింది.

“ఒలే భాగ్యం, పంతులుగారు ఏదో ఒక చాకు సాలన్నారు. ఏదో ఒకటి వొద్దే. మంచిది తే. రేకు మంచిదవ్వాల,” అంది గున్నమ్మ.

ఆ ఇంట్లో డబ్బా మూతా రేకే, ఇంటి కప్పూ రేకే, చాకుకుండే అలుగూ రేకే.

“తెస్తానమ్మా. కానీ దానమిచ్చేదానికి అంత మంచిదెందుకు?”

గున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తొమ్మిది రోజులుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

“ఆస్పత్రిలో మీ నాన్నకి మాట పడిపోయింది గదా. మూడో రోజున నోరు కూసింత తిరిగినాది. తిరిగిన కాడ్నుంచి ఒకటే కలవరింత. ‘రేకుని తీసుకురండి, రేకుని తీసుకురండి’ అనీసి. ఆయన చాకు రేకు ఇరిగిపోయి నాలుగు నెల్లయింది, దాని మీద బెంగెట్టుకున్నాడనుకున్నాం. మీ తమ్ముడు యుగంధరు పరుగున ఎల్లి, ఆస్పత్రి గేటు కాడ ఏదో చాకు దొరికితే తెచ్చి సూపించినాడు. తగరం లాటిది. మీ నాన్న దాన్ని సూసి, గోడ వేపు మొకం తిప్పీసుకున్నాడే. మళ్లీ ఇటు తిరగనేదు. నాసిరకం తెచ్చేమని కోపమొచ్చీసింది. తెల్లారేటప్పటికి ఎల్లిపోనాడు. అడిగిన ఒక్క వస్తువూ సరైంది తెచ్చి సేతిలో ఎట్టలేకపోయేం గదే!”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు మంచి చాకేమిటి అని ఎవరైనా అనొచ్చు. భాగ్యరేఖ అనలేకపోయింది. తల్లి కళ్లలో కనిపించింది ఒక చాకు గురించిన బాధ కాదు.

గున్నమ్మ అలమరలోంచి విరిగిన పాత చాకు తీసి వంటగట్టు మీద పెట్టింది. భాగ్యరేఖ అక్కణ్నుంచి తీసుకుంది. చాకు చేతికి చెయ్యి ఇవ్వరు. ఇస్తే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయంటారు. ఈ ఇంట్లో చాకు ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వకుండానే పదకొండేళ్ల గొడవ జరిగింది.

వేలెడంత చాకు అది. నల్లబడ్డ కర్రపిడి, రెండు చివరలా ఇత్తడి. అలుగు సగానికి విరిగిపోయింది. శంకరరావు టెక్కలి దగ్గర్నుంచి ఇరవయ్యేళ్ల కుర్రాడిగా ఇక్కడికొచ్చినప్పుడు జేబులో ఉన్నది ఆ చాకే. సెక్టర్ 6 క్వార్టర్లో ఉన్న రోజుల్లో, సైకిల్ మీద షిఫ్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మొదట చేసే పని కూతురి పెన్సిళ్లు చెక్కడం. షార్పెనర్ తెస్తే ఒప్పుకునేవాడు కాదు. ఆ పెన్సిళ్లతో లెక్కలు చేసిన పిల్ల ఇవాళ సెక్టర్ 4 స్కూల్లో లెక్కల టీచరు.

గొడవ కూడా చెప్పుకోవాలి. భాగ్యరేఖ పెళ్లి చేసుకున్న సుభాష్‌ది చరోదా రైల్వే కాలనీలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబం. శంకరరావుకి చర్చి మీద కోపమేమీ లేదు. క్రిస్మస్ కేకు పంపిస్తే రెండో ముక్క అడిగే రకం. ఆయన కోపమల్లా కూతురు తనతో చెప్పకుండా రిజిస్ట్రారాఫీసుకి వెళ్లినందుకు. ఆ సంగతి ఎవరో బయటివాడు క్యాంటీన్లో నలుగురి ముందూ చెప్పి, “ముబారక్ హో” అంటే తెలిసింది. చెబితే ఒప్పుకోడని భాగ్యరేఖ భయపడింది. చెప్పివుంటే ఒప్పుకునేవాడేమో, అది ఇక ఎప్పటికీ తేలదు. ఇంటికొచ్చి టిఫిన్ బాక్సు కింద పెట్టి, “భాగ్యం అన్న మాట ఇంక నా నోట రాదు. ఒట్టు,” అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు చుట్టాలు నలుగురూ చేరి ఆ ఒట్టుకి ఎగదోశారు. ఆయనా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. మొదటి రెండేళ్లూ ఆమె గేటు దాకా వచ్చేది, ఆయన లేచి లోపలికెళ్లి తలుపేసుకునేవాడు. తర్వాత ఆమె రావడం మానేసింది. తండ్రి పంతమే బిడ్డకీ వచ్చింది మరి.

ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసి ఆస్పత్రికి పరిగెత్తింది. తమ్ముడు యుగంధర్ మెట్ల దగ్గరే ఆపాడు. “దీదీ, పాపా నిన్ను చూస్తే బీపీ బఢ్ జాయేగా. డాక్టర్ టెన్షన్ వద్దన్నాడు. కొంచెం ఠీక్ అయ్యాక పైకి రా,” అన్నాడు. వాడు మంచికే చెప్పాడు. ఆమె మంచికే విన్నది. నాలుగు రోజులు కింది అంతస్తులో బెంచీ మీద కూర్చుంది. నాలుగో రోజు తెల్లారాక పైకి వెళ్లింది. అప్పటికి ఆయనకి బీపీ భయం లేదు.

నాన్న క్షమించకుండానే పోయాడు. ఈ తొమ్మిది రోజులూ ఆమెను తిననివ్వనిది, పడుకోనివ్వనిది ఆ ఒక్క మాటే. కర్మలన్నీ తమ్ముడు చేస్తున్నాడు. ఆమె చేతికి దక్కింది ఒక చాకు ఎంచే పని. అదైనా సరిగ్గా చెయ్యాలనుకుంది.

సరిగ్గా ఎంచడం తనకు తెలియదు కాబట్టి నరసింగరావుని వెంటబెట్టుకు వెళ్లింది. శంకరరావుతో ముప్ఫయ్యేళ్లు ఒకే షిఫ్టులో, ఉక్కు కరిగించే షాపులో పనిచేసిన మనిషి. గరిటెడు ఉక్కు తీసి, ఎగిరే రవ్వలు చూసి, అందులో ఏం తక్కువైందో చెప్పే పని ఇద్దరిదీ. రిటైరు కాకముందు నుంచీ సెక్టర్ 4లో, భాగ్యరేఖ స్కూలుకి రెండు వీధుల అవతల ఉంటున్నాడు. శంకరరావు ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ ఆయన రూర్కెలాలో కూతురింట్లో ఉన్నాడు. కబురు తెలిసి రైలెక్కేటప్పటికే అంతా అయిపోయింది.

పవర్ హౌస్ మార్కెట్లో ఇనుప సామాన్ల దుకాణం. కొట్టు సేఠ్ గల్లాపెట్టె మీద గుడ్డ పరిచి చాకులు వరసగా పేర్చాడు. మొదటిది తళతళ మెరుస్తోంది. నరసింగరావు దాన్ని తెరిచి, అలుగు రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. అది ఊగింది.

“కొత్తదే వదులైతే పాతబడినాక ఏటవుతాది? ఇది వొద్దమ్మా.”

రెండోదాని అలుగు ఊగలేదు. కానీ తెరిచినప్పుడు చప్పుడు రాలేదు. నరసింగరావు చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తెరిచాడు, మూశాడు.

“లోపలి స్ప్రింగు కమాను నీరసంగా ఉన్నాది. మంచి చాకు తెరిస్తే టక్ మనాల, మూస్తే టక్ మనాల. రెండు మాటలూ గట్టిగా సెప్పాల.”

దానమిచ్చే చాకుకి ఇంత పరీక్షేమిటని సేఠ్‌కి ఓపిక సన్నగిల్లింది. “అరే భాయీసాబ్, చాకూ హీ తో హై. దాన్ మే దేనా హై న? ఇత్‌నా క్యా దేఖ్‌నా?”

“జిస్‌కే నామ్ కా దాన్ హై, వో దేఖ్‌తా థా,” అన్నాడు నరసింగరావు, తలెత్తకుండానే. ఎవరి పేరున దానమో ఆ మనిషి చూసేవాడు అని. సేఠ్ ఆయన మొహం చూసి, లోపల్నుంచి ఇంకో పెట్టె తీసుకొచ్చాడు.

ఆ పెట్టెలో మూడున్నాయి. వాటిలో ఒకటి భాగ్యరేఖకు కంటబడింది. శీశం కర్రపిడి, చివర్ల ఇత్తడి, మెరుపులేని బూడిదరంగు అలుగు. చేతిలోకి తీసుకుంటే తన సంచిలో ఉన్న విరిగిన చాకు బరువే ఉంది. గోరుగాడిలో గోరు పెట్టి లాగింది. టక్. మూసింది. టక్. అలుగు పిడిలోకి వెళ్లి, రెండు పక్కలా తగలకుండా నడిమధ్య నిలిచింది. నరసింగరావు పిడి వెన్ను మీద బొటనవేలు జరిపి చూశాడు. ఎక్కడా అంచు తగల్లేదు.

“పనోడు సేసిందే. ఇంక రేకు సూడాల.”

దుకాణం పక్కనే కత్తులకు పదును పెట్టే ముసలాయన సాన పెట్టుకు కూర్చున్నాడు. కొత్త చాకు సానకి ఆనిస్తానంటే సేఠ్ గుండె బాదుకున్నాడు. చెడితే మేమే కొంటామని చెప్పి భాగ్యరేఖ ఒప్పించింది. నరసింగరావు ముందు ఆ తళతళలాడే చాకు, పిడి దగ్గర, కనీకనపడనంత మేర ఆనించాడు. ఎర్రటి రవ్వలు నాలుగు రాలి ఆరిపోయాయి. తర్వాత శీశం పిడి చాకు ఆనించాడు. కాకరపువ్వొత్తి వెలిగించినట్టు తెల్లటి రవ్వలు చిమ్మాయి, ఒక్కో రవ్వా మళ్లీ చిట్లి పూలయ్యింది. పదును పెట్టే ముసలాయన కూడా “వాహ్” అన్నాడు.

నరసింగరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన తన పని తను చేశాడు. పక్కన నిలబడి అవునో కాదో చెప్పాల్సిన మనిషి మాత్రం లేడు.

“ఇదీ రేకంటే! మీ నాన్న ఉంటే పాస్ అనీవోడు.”

“అమ్మ కూడా అదే అంది బాబాయ్. రేకు మంచిదవ్వాలని,” అంది భాగ్యరేఖ. “నాన్న ఆఖరి రోజు అదే అడిగాడట.”

“ఏటడిగినాడు?”

“చాకు రేకు. యుగంధర్ ఏదో సస్తా, నాసిరకం చాకు తెస్తే గోడ వైపు తిరిగిపోయాడట. అమ్మ అదే తలుచుకుని ఏడుస్తోంది. అందుకే ఇంత వెతుకుతున్నాను.”

నరసింగరావు చాకు మడిచి గుప్పిట్లో పట్టుకున్నాడు.

“ఏ మాటన్నాడమ్మా? ఉన్నదున్నట్టు సెప్పు. ‘రేకు’ అన్నాడా, ‘రేకుని’ అన్నాడా?”

“‘రేకుని తీసుకురండి’ అన్నాడట.”

“వస్తువుకి ‘ని’ ఎందుకు తల్లీ? చాకు తే అంటాం గానీ చాకుని తే అంటామేటి?”

భాగ్యరేఖకు అర్థం కాలేదు. హిందీలో చదువుకుని, హిందీలో పాఠాలు చెప్పే మనిషికి ఆ ఒక్క అక్షరం చెవికి ఆనలేదు. యుగంధర్‌కి అసలే ఆనదు. గున్నమ్మకు ఆనాల్సిందే, కానీ మొగుడి ప్రాణం మీద దృష్టి పెట్టినామె మాటలోని అక్షరాలు లెక్కపెడుతుందా?

నరసింగరావు సాన పక్కనున్న చెక్కబల్ల మీద కూలబడ్డాడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నవాడు పోయాడు, ఇంక ఆ ఒట్టు ఎవరికోసం అనుకున్నాడో ఏమో, చెప్పేశాడు.

“మీ నాన్న దగ్గర రేకంటే నువ్వేనమ్మా. నీ పెళ్లయిన నెల్లాళ్లకి షిఫ్టులో నా దగ్గరికొచ్చి, ‘ఒరే నరసింగా, భాగ్యం అన్న మాట మీద ఒట్టేసినాను గానీ, పేరులో మిగిలిన ముక్క మీద ఒట్టు నేదురా’ అన్నాడు. నలుగురిలో రేక అంటే తెలిసిపోతాదని రేకు అనీవోడు. ఇనేవోళ్లు ఉక్కు గురించే అనుకునీవోరు. నువ్వు నా ఇంటి ముందునించే స్కూలుకెల్తావు గదా. రోజూ నన్నడిగీవోడు, ‘రేకెలాగున్నాదిరా’ అనీసి. నాను ‘బాగున్నాది, తుప్పు పట్నేదు’ అనీవోణ్ణి. నీకు డెంగ్యూ వొచ్చినప్పుడు ‘రేకు వంగింది’ అన్నాను. ఆ రోజు టిఫిను ముట్టనేదు. మీ రోహిణి పుట్టినప్పుడు ‘రేకుకి సిన్న రేకు పుట్టింది’ అన్నాను. క్యాంటీన్లో అందరికీ జిలేబీలు పంచినాడు. ఎందుకని అడిగితే, ఈ నెల ఉక్కు బాగా పడిందన్నాడు. రిటైరైనాక కూడా టీ కొట్టు కాడ రోజూ అదే మాట. పదకొండేళ్లమ్మా. నీకు సెప్పేనంటే నా మొకం సూడనన్నాడు. సెప్పీవలసింది. నానైనా సెప్పీవలసింది.”

ఆయన ఏడ్చాడు. మార్కెట్లో జనం ఆగి చూసి, ఎవరి పని మీద వాళ్లు వెళ్లారు.

భాగ్యరేఖకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు లెక్క వచ్చింది. ఆ మాట ఆయన మూడో రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాడు. ఆయన మంచం రెండో అంతస్తులో. తన బెంచీ కింద. మధ్యలో మెట్లు. ఎవరైనా ఆ మాట విని కిందికొచ్చి, నాన్న ఇలా అంటున్నాడని తనతో చెప్పినా, తనకే అర్థమయ్యేది కాదు. అర్థమయ్యే మనిషి ఒక్కడే, ఆయన రూర్కెలాలో ఉన్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి భాగ్యం అని ఒక్కసారి అంటే ఇల్లంతా కదిలేది. కానీ పదకొండేళ్లు రోజూ పలికిన పేరు అది. పడిపోయిన నాలుక మీద అదొక్కటే మిగిలింది. రేకుని తీసుకురండి అన్నాడు. తగరపు చాకు తెచ్చి చూపించారు. గోడ వైపు తిరిగాడు. కూతురు రానందని అనుకున్నాడేమో. ఆ ఆలోచన దగ్గర ఆమె దుకాణం గోడకి ఆనుకుంది. సాన పెట్టిన ముసలాయన లేచి తన పీట ఆమెకిచ్చాడు. ఆమె దాని మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తండ్రి పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆ ఏడుపులో ఎక్కడో, సిగ్గు లేకుండా, సంతోషం కూడా ఉంది. నాన్న తనని అడిగాడు.

చాలాసేపటికి నరసింగరావు లేచాడు. “పద. మీ అమ్మకి నానే సెప్తాను. ఆయన కోపంతో పోనేదని తెలిస్తే ఆమెకీ మనసు కుదుటపడతాది.”

“వద్దు బాబాయ్.”

“అదేటమ్మా?”

“నాన్న అడిగింది చాకు కాదని తెలిస్తే, అమ్మ ఏమనుకుంటుంది? నేను కిందే ఉన్నానని ఆమెకి తెలుసు. పిలవకుండా చాకు చూపించామని బతికినన్నాళ్లూ పొడుచుకుంటుంది. నన్ను మెట్ల దగ్గర ఆపింది యుగంధర్. వాడేం కావాలి? ఇప్పుడు వాళ్లకి ఒక చాకు బాధే ఉంది. అది నేను తీర్చగలను.”

నరసింగరావు ఆమెను ఎగాదిగా చూశాడు. గుప్పిట్లోని చాకు బల్ల మీద పెట్టాడు. ఆమె తీసుకుంది. సానతో పదును పెట్టించింది. సేఠ్ డబ్బు తీసుకుంటూ, ఈ మాటు మర్యాదగా, కొత్త గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

రుఆబాంధాలోని పుట్టింటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. గున్నమ్మ వంటింట్లోనే ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే నిలబడి ఎదురుచూస్తోంది. భాగ్యరేఖ చాకు వంటగట్టు మీద పెట్టింది. గున్నమ్మ చేతులు తుడుచుకుని, తీసుకుని, గోరుతో విప్పింది. టక్ మంది. ఆమె మూసి, మళ్లీ విప్పింది. ఆ ఇంట్లో ఎన్నో సాయంత్రాలు విన్న చప్పుడది.

“ఇదేనేటే మంచి రేకు?”

“ఇదేనమ్మా. బాబాయ్ రవ్వలు కూడా చూశాడు.”

గున్నమ్మ అలుగు కొంగుతో తుడిచి, మడిచి, తాంబాళంలో నువ్వుల పక్కన పెట్టింది. సంచిలోంచి భాగ్యరేఖ తీసిన విరిగిన చాకు గట్టు మీదే కూతురి వైపు జరిపింది.

“ఇది నువ్వుంచుకో. నీ పెన్సిళ్లు సెక్కిందే గదా.”

భాగ్యరేఖ దాన్ని తీసుకుంది. గున్నమ్మ తాంబాళం మీద గుడ్డ కప్పింది. తర్వాత ఎవరో విని కోప్పడతారన్నట్టు, మెల్లగా అడిగింది.

“ఆలీసమైపోయింది గానీ, ఆయన అడిగిన రేకు వొచ్చినట్టే గదే?”

భాగ్యరేఖ విరిగిన చాకు గుప్పిట్లో బిగించింది.

“వచ్చిందమ్మా,” అంది. “రేకు వచ్చింది.”